దారంలో ఉండిపోయిన మాట

కడియం విమానాశ్రయంలో విమానం ఎక్కి, ఎక్కగానే చేతికిచ్చిన టీ చల్లారకముందే రాపానుయి దీవిలో దిగిపోవచ్చు. ఆ దీవి పసిఫిక్ మహాసముద్రం మధ్యలో ఉంది. కడియం పూలతోటల్లో గునపం దింపి తిన్నగా తవ్వుకుంటూ పోతే భూమికి అవతల ఎక్కడ తేలుతామో, ఇంచుమించు ఆ ప్రాంతంలో ఉంటుంది. మామూలు విమానాల్లో అయితే నాలుగు చోట్ల మారాలి, మూడు రోజులు పడుతుంది. పద్ధెనిమిది వేల కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని ఇలా టీ తాగే వ్యవధికి కుదించినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. హైమ, మురారి. మొగుడూ పెళ్ళాలు. ఊళ్ళో అందరికీ దూరం తగ్గించి, తామిద్దరూ మాత్రం చెరో కొసనా కూర్చున్నారు. ఏడు నెలలుగా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అలా కూర్చోక తప్పదు. గంజి పెట్టి ఆరేసిన చీరని ఒక్క మనిషి మడతపెట్టడం ఎంత కష్టమో చేసినవాళ్ళకి తెలుసు. రెండో మనిషి కావాలి. ఒకరు తమ కొస బిగబట్టి కదలకుండా నిలబడాలి. రెండోవాళ్ళు తమ కొస పట్టుకుని నడిచి రావాలి. దూరాన్ని మడతపెట్టడం కూడా అంతే. నిజానికి హైమకి ఆ ఆలోచన తట్టిందే వాళ్ళమ్మతో కలిసి మేడమీద చీరలు మడతపెడుతున్నప్పుడు. కడియం రన్‌వే పక్కనున్న గదిలో యంత్రం ముందు కూర్చుని హైమ తన కొస బిగబడుతుంది. రాపానుయి రన్‌వేకి రెండు వందల మీటర్ల అవతల, పచ్చిక బయల్లో ఉన్న గదిలో కూర్చుని మురారి తన కొసని మెల్లగా నడిపిస్తాడు. రెండు రన్‌వేలూ పక్కపక్కకి వచ్చిన ఆ కాసేపట్లో ఒక విమానం అటూ, ఒక విమానం ఇటూ దాటుతాయి. ఆపైన మడత విప్పితే దూరం మళ్ళీ ఎక్కడిదక్కడ సర్దుకుంటుంది.

బిగబట్టిన కొసని యంత్రానికి అప్పగించి సాయంత్రం ఇంటికి పోవచ్చు. నడిపించే కొస అలా కాదు. రాత్రీ పగలూ మనిషి కనిపెట్టుకుని ఉండాలి. అందుకని మురారి ఆ గదిలోనే వండుకుని, ఆ గదిలోనే నిద్రపోతాడు. ఏడాదికి సరిపడా సామాను ముందే పెట్టారు. నీళ్ళకి బయటినుంచి పైపు వేశారు. రేడియో అలలు తగిలితే మడత జారిపోతుంది గనక ఫోన్లకి చోటు లేదు. రెండు కొసల మధ్యా బిగిసి ఉండే ఆ బలం ఉంది చూశారూ, దానిలోంచే మాట వెళ్తుంది. చిన్నప్పుడు రెండు అగ్గిపెట్టెలకి దారం కట్టి మాట్లాడుకున్నట్టు. దాన్ని వాళ్ళు దారం అనే పిలిచేవారు. మడత విప్పినా దారం మాత్రం కురచగానే ఉండేది, మాట ఇట్టే చేరేది.

రోజూ పొద్దున్న హైమ దారంలో, "పట్టాను, నడు," అనేది.

"వస్తున్నా," అనేవాడు మురారి. చీర కొస పట్టుకుని నడిచేవాళ్ళు అనే మాటే అది. విమానాలు దాటేవి, మడత విప్పేవారు, అతను వచ్చేవాడు కాదు.

ఆ "వస్తున్నా" ఈమధ్య చాలా ఆలస్యంగా వస్తోంది.

మురారికి ఒక దురలవాటు ఉండేది. ఎవరినీ మాట పూర్తి చేయనివ్వడు. పరిచయమైన కొత్తలో ప్రయోగశాలలో హైమ ఏదైనా చెప్పబోతే, సగంలోనే విషయం అందిపుచ్చుకుని బదులిచ్చేసేవాడు. ఆమెకి ఒళ్ళు మండేది. పెళ్ళయ్యాక కూడా అంతే. "కూర ఎలా ఉం..." అనేలోపు "ఉప్పు చాల్లేదు" అనేవాడు. "నన్ను ఒక్కనాడైనా పూర్తిగా మాట్లాడనిస్తావా?" అని ఆమె విసుక్కునేది. అలాంటివాడు ఇప్పుడు ఏది అడిగినా నోట్లో నీళ్ళు పోసుకుని కూర్చుని, ఎంతోసేపటికి గానీ బదులివ్వడం లేదు.

అలిగాడని హైమ అనుకుంది. అనుకోవడానికి కారణమూ ఉంది. ఆరు నెలలు అతను అక్కడ ఉండాలనీ, ఆపైన కొసలు మార్చుకోవాలనీ ముందే ఒప్పందం. గడువు దగ్గరపడుతుండగా సంస్థ ఛైర్మన్ కోదండం గారు వచ్చి, "ఇంకొక్క మూడు నెలలమ్మా, నువ్వు పట్టినట్టు ఇంకెవరు పట్టగలరు?" అన్నారు. ఆ మాటకి హైమ ఉబ్బిపోయింది. నిజమే మరి, ఆమె కొసన రవ్వంత వదులు కూడా ఉండేది కాదు. కొలిచినవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. మురారిని అడగకుండానే సరేనని, తర్వాత దారంలో ఒక్క ముక్కలో చెప్పింది. అటునుంచి చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత "సరే" అన్నాడు. అప్పటినుంచీ ప్రతి మాటకీ ఆ ఎడం పెరుగుతూనే వచ్చింది.

తప్పు తనదేనని ఆమెకి తెలుసు. అయినా ఎవరు ముందు దిగిరావాలన్నది మొగుడూ పెళ్ళాల మధ్య చిన్న సంగతేం కాదు. పలకకపోతే నాకేం అనుకుని, అతని బదులు కోసం ఆగకుండా తన మానాన తను కబుర్లు చెప్పుకుంటూ పోవడం అలవాటు చేసుకుంది. ఇంటికెళ్ళాక మాత్రం రెండు దిళ్ళలో ఒకదాన్ని అటుపక్క సర్దిపెట్టి, దానికేసి తిరిగి పడుకునేది. అతని గొంతు ఆమెకి రోజూ వినబడుతోంది. మనిషి మీద మాత్రం బెంగ తీరడం లేదు.

ఒకరోజు మడత విప్పాక హైమ దారంలో కబుర్లు మొదలెట్టింది.

"నిన్న కోదండం గారు రెండో టెర్మినల్ ప్రారంభించారు. ఆ రిబ్బను ప్లాస్టిక్‌దో ఏమిటో, కత్తెరకి తెగదు. పాపం, నమిలినంత పనిచేశారు. చివరికి ఆవిడెవరో వచ్చి ముడి విప్పేసింది."

అటునుంచి ఏమీ లేదు. నవ్వుతాడేమోనని కొంచెం ఆశపడింది. నవ్వలేదు. సరే, నీ ఖర్మ అనుకుంది.

"అమ్మ మొన్న పెరట్లో బట్టలుతుకుతూ జారిపడింది. కుడిచెయ్యి మణికట్టు విరిగింది. కట్టు కట్టారు. రాత్రంతా నొప్పితో ఒకటే మూలుగు," అంది.

దారంలో మురారి పగలబడి నవ్వాడు.

హైమ ఒళ్ళు చల్లబడింది. ఆపైన వేడెక్కింది. "మా అమ్మ చెయ్యి విరిగిందంటే నవ్వుతావా? నా మీద ఎంత కోపమున్నా సరే, ఇంత..." యంత్రం మీద తల ఆనించి కూర్చుంది.

కాసేపటికి దారంలో మురారి కంగారుగా అంటున్నాడు. "అయ్యో, ఎప్పుడు? అత్తయ్యకి ఎలా ఉందిప్పుడు? డాక్టరేమన్నాడు?"

హైమ తలెత్తింది. మరికాసేపటికి, "నవ్వానా? నేను రిబ్బను సంగతికి కదా నవ్వాను? హైమా, నేను అత్తయ్య సంగతికి ఎందుకు నవ్వుతాను?" అన్నాడు. అతని గొంతులో బిక్కమొహం కనబడింది ఆమెకి.

అప్పుడు తట్టింది ఆమెకి. అతను ఆలస్యంగా మాట్లాడటం లేదు. మాటే ఆలస్యంగా వస్తోంది. సెకనులో వెయ్యోవంతు తేడా వస్తే కనిపెట్టే యంత్రాలు చుట్టూ పెట్టుకుని, తమ మాటల మధ్య ఇంత ఎడాన్ని ఇద్దరూ అలక కింద జమకట్టుకున్నారు. లోకంలో ఇంకెవరూ చేయని తప్పు అది.

"మురారీ, నేను చప్పట్లు కొడతాను. వినబడగానే నువ్వు కూడా కొట్టు."

కొట్టింది. మనసులో లెక్కపెట్టుకుంది. అతని చప్పట్లు తిరిగొచ్చేసరికి ఆమె లెక్క పదహారు దాకా వచ్చింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ పదహారే. దారంలో మాట ఎంత వేగంగా వెళ్తుందో ఆమెకి కంఠతా వచ్చు. రెండు కొసల మధ్యా ఉండకూడని దూరం ఎక్కడో ఉంది. నూట ఇరవై కిలోమీటర్లు.

"ఒకసారి తలుపు తీసి చూడు. రన్‌వే ఎంత దూరంలో ఉంది?"

ఈసారి ఆ ఎడం ఆమెకి కోపం తెప్పించలేదు. భయపెట్టింది.

"ఇక్కడి గాలికి ఆ తలుపు తీయక చాలా రోజులైంది," అన్నాడు మురారి ఎట్టకేలకు. "హైమా, రన్‌వే దీపాలు ఆవగింజల్లా ఉన్నాయి. కిటికీలోంచి చూసి మంచు పట్టిందనుకున్నాను ఇన్నాళ్ళూ. పైపులో నీళ్ళు కూడా సన్నబడిపోయాయి, పంపు పాడైందనుకున్నా. ట్యాంకులో అడుగున కాసిని ఉన్నాయంతే." ఆపైన చిన్నపిల్లాడిలా అన్నాడు, "నువ్వు నాతో మాట్లాడటం మానేశావనుకున్నాను."

ఆ చివరి మాటకి హైమ ఏడ్చింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాళ్ళమ్మ సుబ్బరత్నం మేడమీద తీగ మీంచి ఒంటిచేత్తో చీర లాగుతోంది. గంజి పట్టి అట్టలా ఉంది చీర.

"నువ్వెందుకమ్మా, నేను తీస్తాగా," అంటూ హైమ పరిగెత్తింది.

"ఎంతకని కూచోమంటావే? ఒక చెయ్యి బానే ఉందిగా. ఇదిగో, ఆ కొస పట్టు. ఏంటా మొహం? అల్లుడుగారితో మళ్ళీ గొడవపడ్డావా?"

"లేదమ్మా."

అలవాటు ప్రకారం హైమ తన కొసని బిగించి పట్టుకుంది. తల్లి ఎడమచేత్తో అటు కొస పట్టుకుని మెల్లగా నడిచొస్తోంది. హైమ వైపు చీర చాకలి ఇస్త్రీ చేసినంత తిన్నగా ఉంది. ముడతలన్నీ జరిగి జరిగి తల్లి చేతిలో కుప్పపడ్డాయి. కట్టు కట్టిన చేత్తో ఆవిడ వాటిని సర్దలేక సతమతమవుతోంది.

"అబ్బా, అలా గుంజేత్తావేంటే, చెయ్యి లాగేత్తంది!" అంది సుబ్బరత్నం.

హైమ గబుక్కున కొస వదిలేసింది. చీర నేలమీద పడింది.

ఆ ఉండకూడని దూరం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకి అర్థమైంది. మడత విప్పిన ప్రతిసారీ దూరం వెనక్కి సర్దుకుంటోంది గానీ, పూర్తిగా కాదు. ఒక కిలోమీటరో అర కిలోమీటరో ముడతలా మిగిలిపోతోంది. తను రవ్వంత వదులు కూడా ఇవ్వకుండా పట్టుకుంది గనక ఆ ముడతలన్నీ అటు కొసకే చేరాయి. ఏ పట్టుని చూసి అందరూ మెచ్చుకున్నారో, తనూ మురిసిపోయిందో, ఆ పట్టే మురారిని రోజురోజుకీ దూరానికి నెట్టేసింది. రెండు వందల మీటర్ల పచ్చిక నూట ఇరవై కిలోమీటర్లు సాగింది. ప్రతి విమానంతో ఇంకాస్త సాగుతోంది. ట్యాంకులో నీళ్ళు అడుగంటాయి.

"ఏమైందే?" అంది తల్లి భయపడి.

"నీ అల్లుడిని నేనే దూరం చేసుకున్నానమ్మా," అని హైమ ఆ మేడమీదే కూలబడింది.

కోదండం గారు చెడ్డమనిషేం కాదు. హైమ చెప్పిందంతా విన్నారు, గాభరాపడ్డారు, వెంటనే రాపానుయికి కబురుపెట్టి గది దగ్గరికి జీపు పంపించారు. జీపు పొద్దున్నించీ సాయంత్రం దాకా నడిచింది. గది ఒక్క పిసరు దగ్గర కాలేదు. ఇంజను అదురుకి ముడత ముందుకి ఇంకా సాగిపోతోంది. డ్రైవరు హడలిపోయి వెనక్కి తిప్పేశాడు. ఆ రోజు చప్పట్లు తిరిగొచ్చేసరికి హైమ లెక్క పదిహేడు దాటింది. అక్కడి అధికారులు ఆ బయలు చుట్టూ కంచె వేసి, నిపుణులు వచ్చి పరీక్షించేదాకా ఎవరూ లోపలికి వెళ్ళకూడదన్నారు. నిపుణులంటే ఎవరు? లోకంలో ఉన్న నిపుణులిద్దరూ చెరో కొసనా ఉన్నారు.

"విమానాలు ఆపేయండి," అంది హైమ. "ఇంజన్లు పనికిరావు. నడిచి వెళ్ళొచ్చు. అడుగుల చప్పుడుకి ముడత కదలదు. కానీ ముందు మడత వదిలేయాలి. కొస బతికుండగా అతను గది దాటి రాలేడు, వస్తే మడతలో ఉన్న విమానం ఏమవుతుందో తెలీదు."

"వదిలేస్తే మళ్ళీ పట్టగలమా అమ్మా?"

"పట్టలేం. కొన్నేళ్ళు పడుతుంది. అప్పటికైనా, ముడతల సంగతి తేలాకే."

ఛైర్మన్ కుర్చీ ముందుకి లాక్కున్నారు. "మొన్న ఒకాయన చిలీ నుంచి వచ్చాడు. తండ్రి ఆఖరి చూపుకి అందుకున్నాడు. నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. అలాంటివాళ్ళు రోజుకి ఎంతమందో! వాళ్ళందరికీ ఏం చెప్పమంటావు? ఇంకో వారం రోజులు నడపనివ్వు. ఈలోగా ఏదో దారి చూద్దాం. రేపటి విమానంలో రెండు దేశాల మంత్రులున్నారు."

"వారానికి అతని దగ్గర నీళ్ళుండవండీ."

"పొదుపుగా వాడుకోమను."

ఆయన చిలీ మనిషి గురించి చెప్పింది అబద్ధం కాదని హైమకి తెలుసు. ఆమె ఆ ముసలి తండ్రి మొహాన్ని, కొడుకు వచ్చాక ఆయన కళ్ళని ఊహించుకోగలదు. ఇంటికి వెళ్ళే దారిలో అదే ఆలోచించింది. కానీ అన్నీ ఆలోచించాక చివరికి మిగిలింది ఒకటే. మనిషిని చూడాలనిపించడం ఎలా ఉంటుందో కోదండం గారికంటే, ఆ మంత్రులకంటే తనకి బాగా తెలుసు. ఇప్పుడు తను కదలకపోతే మురారిని ఇక చూడలేదు.

మర్నాడు పొద్దున్న రన్‌వే మీద పూలదండలు వేసిన విమానం సిద్ధంగా ఉంది. బయట బాజాలు మోగుతున్నాయి. హైమ గది తలుపు గడియపెట్టి దారం ముందు కూర్చుంది.

రోజూ అనే "పట్టాను, నడు" అనలేదు.

"మురారీ, నేను వస్తున్నా. దారం వదిలేస్తున్నాను, ఇక మనకి మాట అందదు. మామూలు విమానాలెక్కి చుట్టూ తిరిగి వస్తాను, మూడు రోజులు పడుతుంది. నువ్వు తొందరపడొద్దు. ఉన్న నీళ్ళు దారి పొడుగునా నడవడానికి చాలవు. మూడు రోజులు గదిలోనే ఆగి, నాలుగో రోజు పొద్దున్న బయల్దేరు. నేను ఇటునుంచి నీళ్ళు తెస్తాను, సగం దారిలో కలుద్దాం. విన్నావా?"

బయట ఎవరో తలుపు తడుతున్నారు. ఆపైన బాదుతున్నారు. విమానం ఇంజను గొంతు పెంచింది. అది రన్‌వే చివరికి రాగానే యంత్రం దానంతటదే మడతకి సిద్ధమైపోతుంది. ఆ తర్వాత వదలడం కుదరదు. ఆమె చెప్పిన మాటలు ఇంకా దారంలోనే ప్రయాణిస్తున్నాయి. ఇంకొక్క నాలుగు లెక్కలు ఆగితే అతనికి చేరతాయి. ఇంకో ఎనిమిది ఆగితే బదులొస్తుంది. అన్ని లెక్కలు లేవు ఆమె దగ్గర.

విమానం కదిలింది. హైమ కొస వదిలేసింది.

ఏమీ కాలేదు. గదిలో దీపాలు ఒకసారి ఆరి వెలిగాయి. దారంలో ఎప్పుడూ ఉండే ఆ సన్నటి ఊపిరి చప్పుడు ఆగిపోయింది. అది ఉండేదని, ఆగిపోయాకే ఆమెకి తెలిసింది. విమానం పరుగు ఆపి అలాగే నిలబడిపోయింది, ఎక్కడికి పోవాలో తెలియనట్టు.

ఉద్యోగం ఆ మధ్యాహ్నమే పోయింది. కేసు పెడతామన్నారు. పెట్టుకోండని చెప్పి హైమ హైదరాబాదు బస్సెక్కింది.

తన చేత్తో రోజూ మడిచిన దూరాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూసింది. సీటు ముందున్న చిన్న తెర మీద విమానం బొమ్మ సముద్రాల మీద పాకుతూ వెళ్తోంది. కింద ఎడారులు, మంచుకొండలు, ఎంతకీ ఒడ్డు దొరకని నీళ్ళు. ఒకచోట దిగి ఆరు గంటలు కూర్చుంది, ఇంకోచోట దిగి తొమ్మిది గంటలు. పక్కసీట్లో మనుషులు మారారు, భాషలు మారాయి, రొట్టెలు మారాయి. ఎంత పెద్దదో ఈ భూమి అనుకుంది. ఇంత దూరం నీకూ నాకూ మధ్య ఉందని తెలిసే నిన్ను అక్కడ కూర్చోబెట్టాను. ఏడు నెలలూ మాట వినబడింది కదాని దగ్గరగానే ఉన్నామనుకున్నాను.

ఒక్కటే ఆమెని తినేస్తోంది. తన మాటలు ఎంతవరకు చేరాయి? "నాలుగో రోజు బయల్దేరు" అన్నది చేరిందా, దారంతోపాటు పోయిందా? చేరకపోతే అతను ఆ గదిలోనే తన గొంతు కోసం ఎదురుచూస్తూ కూర్చుని ఉంటాడు. చేరితే ఏమని బదులిచ్చాడు? తనవో, అతనివో, కొన్ని మాటలు మాత్రం దారంలో ఉండిపోయాయి. అవి ఇక ఎప్పటికీ ఎవరికీ వినబడవు.

రాపానుయి రన్‌వే పక్కన కంచె ఉంది. కంచె అవతల పచ్చిక, పచ్చిక చివర ఆకాశం అంచున నలుసంత గది. దీవి నిండా గుర్రాలు. వాటిని కాసే మాహినా అనే ఆడమనిషి రోజూ ఆ గదికేసి చూస్తూ ఉండేదట. హైమ మొహం చూసి ఆమెకి ఎవరో చెప్పనక్కర్లేకపోయింది. ఇద్దరికీ కలిపి పాతిక ఇంగ్లీషు ముక్కలు వచ్చు.

"నీ మనిషి?" అంది మాహినా, గదికేసి వేలు చూపించి.

"నా మనిషి."

మాహినా ఇంకేమీ అడగలేదు. ఒక ముసలి ఎర్ర గుర్రం తెచ్చి, రెండు పక్కలా నీళ్ళ డబ్బాలు కట్టి, వీపు మీద ఎండుగడ్డి మోపు వేసింది. పచ్చికలోకి పోతూ గడ్డిమోపు ఎందుకని హైమ ఆశ్చర్యపోయింది. కాపలావాడు కాఫీకి వెళ్ళినప్పుడు మాహినా కంచె తీగలు పైకెత్తి పట్టుకుంది.

లోపల వంద అడుగులు వేశాక గడ్డిమోపు సంగతి తెలిసింది. ముడతలో నేల సాగింది గానీ గడ్డి సాగలేదు. ఒక పోచ కనబడితే ఇంకో పోచ కోసం చాలా దూరం నడవాలి. మధ్యలో అంతా మట్టి. గుర్రం ప్రతి పోచ దగ్గరా ఆగి, దాన్ని కొరికి, నిరాశగా హైమకేసి చూసేది. వెనక్కి తిరిగితే కంచె దూరమైపోయింది. ముందు గది మాత్రం అలాగే నలుసంత. ఎండ, గాలి, అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు. కాళ్ళు బొబ్బలెక్కాయి. చెప్పులు విప్పి నడిచింది. ఇది నేను పోగుచేసిన దూరం అనుకుంది. ప్రతి అడుగూ నాదే, ఎవరిమీదా వేయడానికి లేదు.

సగం దారికి చేరడానికి ఇంకా రెండు రోజులు పడుతుందని లెక్క. అతను గదిలోంచి బయల్దేరాడో లేదో తెలీదు. అయినా పొద్దు వాలేసరికి ఆమె కళ్ళు ముందుకే చూస్తున్నాయి.

గుర్రం చెవులు నిక్కించింది.

దారిలో ఒక మనిషి ఉన్నాడు. తూలుతూ నడుస్తున్నాడు. చేతిలో ఖాళీ డబ్బా ఒకటి కొట్టుకుంటోంది. గెడ్డం పెరిగింది, పెదాలు పగిలి నెత్తురు గడ్డకట్టింది. హైమ గుర్రాన్ని వదిలేసి పరిగెత్తింది. అతన్ని పట్టుకుని కూర్చోబెట్టి, ముందు పెదాలు తడిపి, తర్వాత గుక్కెడు గుక్కెడుగా నీళ్ళు పట్టింది. ఏడు నెలల తర్వాత అతని మొహం ఆమె చేతుల్లో ఉంది. ఎంత చిక్కిపోయిందో. ఎంత అతనిలాగే ఉందో.

కాసేపటికి మురారి కళ్ళు నిలిచాయి. ఆమెనే చూస్తున్నాడు.

హైమకి మూడు రోజులుగా గొంతులో తిరుగుతున్న ప్రశ్న ఒక్కటే వచ్చింది. "నాలుగో రోజు బయల్దేరమన్నాను కదా. ఇవాళ్టికి ఇంత దూరం ఎలా... నేను చెప్పింది చివరిదాకా విన్నా..."

"వినలేదు," అన్నాడు మురారి. "వస్తున్నా అన్నావు చూడు, అక్కడికే లేచిపోయాను. ఆ మాట రోజూ నేననేది. నువ్వంటే ఇంక మిగతాది ఎందుకు? వెళ్ళి డబ్బాల్లో నీళ్ళు పడుతున్నాను, అంతలో గది అదిరి ట్యాంకు నిలువునా పగిలిపోయింది. రెండు డబ్బాలు నిండాయి. అవే మిగిలాయి. వాటితోనే బయల్దేరాను."

అతను కూర్చుని ఆసాంతం విని ఉంటే, ఆమె చెప్పినట్టు మూడు రోజులు ఆగి ఉంటే, ఆ డబ్బాలు కూడా ఉండేవి కావు. హైమ ఆ సంగతి గ్రహించి అతని భుజం పట్టుకుంది. కొస వదిలిన అదురు అటు ఏం చేస్తుందో తను ఆలోచించనే లేదు. ఆమెకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అతని మాటకీ తన మాటకీ మధ్య ఒక్క లెక్క కూడా లేదని అప్పుడు తోచింది. ఆమె అడగడం ఆలస్యం, బదులు ఎదురుగా ఉంది, వేడిగా, అతని ఊపిరితో సహా.

"ఎన్నేళ్ళయినా నీ బుద్ధి మారదా? నన్ను ఒక్కనాడైనా పూర్తిగా మాట్లా..."

"మాట్లాడనివ్వను," అన్నాడు మురారి.